కుర్తీ కింద 20 ఔన్సులు

మా కొట్టు రాత్రి 11కి మూస్తాం. అద్దాల తలుపుకి తాళం వేసి, ఆ రోజు కలెక్షన్ ఉన్న సంచీ చంకన పెట్టుకుని కారు దాకా నడవాలి. నలభై అడుగులు. ఒకరోజు లెక్కపెట్టాను గనక తెలుసు. డాలస్ నుంచి ఉత్తరాన గంట ప్రయాణం, హైవే పక్కన గ్యాస్ స్టేషన్. మా వెనక ట్రక్కులు ఆగే ఖాళీ స్థలం, దాని వెనక చీకటి.

పోయినేడాది చలికాలంలో ఒకడు మొహానికి మాస్కు కట్టుకుని వచ్చి మా ఆయనకి పిస్టల్ గురిపెట్టాడు. సొరుగులో ఉన్న రెండొందల చిల్లర డాలర్లూ, నాలుగు సిగరెట్ పెట్టెలూ పట్టుకుపోయాడు. ఆయన మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. ఇప్పుడు నా దగ్గర తుపాకీ ఉన్నా, మళ్ళీ అలా జరిగితే నేనూ ఇచ్చేస్తాను. నేను కొన్నది సొరుగులో డబ్బు కోసం కాదు, ఆ నలభై అడుగుల కోసం. మా ఆయనకి మాత్రం ఆ రాత్రి తర్వాత తుపాకీ అనే మాట వింటేనే కడుపులో తిప్పుతుంది. అందుకని ఈ ఇంట్లో అది నాది.

కొన్నది స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ ఎం అండ్ పీ షీల్డ్ ప్లస్ అనే పిస్టల్. 9 ఎంఎం గుండు వేసేది, బొటనవేలితో దించే సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట, ఉన్న రకం. ఎనిమిది నెలలుగా ఒంటి మీద ఉంటోంది, దగ్గర దగ్గర వెయ్యి గుళ్ళు కాల్చాను. కొనేముందు నేను చూసిన వీడియోల్లో చెప్పేవాళ్ళంతా ఆరడుగుల మగవాళ్ళు, జీన్సుకి దిట్టమైన తోలు బెల్టు పెట్టుకునేవాళ్ళు. నేను ఐదడుగుల ఒక్క అంగుళం, కుర్తీ లెగ్గింగ్ మనిషిని. వాళ్ళు చెప్పినవాటిలో సగం నాకు పనికిరాలేదు. నాలాంటి వాళ్ళకోసం ఇది రాస్తున్నాను.

ముందు వీసా సంగతి, ఎందుకంటే తెలియక ఇరుక్కునేది మనవాళ్ళే. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కాదు, ఒక్క గుండు దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి ఇచ్చినట్టు కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ లాయర్ని అడక్కుండా వాటి జోలికి పోకండి. గ్రీన్ కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. దుకాణంలో 4473 అనే ఫారం నింపిస్తారు. నిజంగా కొనుక్కునేది నువ్వేనా అని అందులో అడుగుతారు. హెచ్1బీలో ఉన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అక్కా, ఎలాగూ కొంటున్నావుగా, నీ పేరు మీద ఇంకోటి తీసుకోవా, డబ్బులు ఫోన్లో జెల్ యాప్ నుంచి పంపిస్తా" అన్నాడు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీ తెమ్మన్నంత తేలిగ్గా అడిగాడు. ఆ ఫారం మీద అబద్ధం రాస్తే జైలు. నాకు జైలు, వాడికి జైలూ, ఆపైన వెనక్కి విమానం. ఫోన్లోనే తలంటి పెట్టాను.

మొదట వెళ్ళిన దుకాణం పేరు చెప్పను. కౌంటరు వెనక పెద్దమనిషి నన్నొకసారి ఎగాదిగా చూసి, మా ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టాడు. కొనేది నేను మొర్రో అంటే, అప్పుడు లోపలికెళ్ళి ఐదు గుళ్ళ బుల్లి రివాల్వర్ ఒకటి తెచ్చాడు. పిడికి గులాబీ రంగు. "ఆడవాళ్ళకి ఇదే. తేలిక, జామ్ అవదు, హ్యాండ్‌బ్యాగులో పడుతుంది" అన్నాడు. తేలికే. పిస్టల్ జామ్ అయ్యే పద్ధతిలో రివాల్వర్ జామ్ అవదు, అదీ నిజమే. హ్యాండ్‌బ్యాగు సంగతి తర్వాత చెప్తాను. అలా సగం నిజాలు చెప్పేవాళ్ళని కాదనడం కష్టం. కార్డు తీసి చేతిలో పట్టుకున్నాను కూడా. మా ఆయనే, "ఒకసారి కాల్చి చూడు, చెప్పులైనా తొడిగి చూడకుండా కొనవుగా" అన్నాడు.

కాల్చి చూడాలంటే రేంజికి, అంటే గురి సాధన చేసే చోటికి, వెళ్ళాలి. ఇక్కడ చాలా రేంజిల్లో పిస్టళ్ళు అద్దెకిస్తారు. దుకాణంలో పట్టుకుని చూస్తే ఏదైనా బాగానే ఉంటుంది, కాల్చినప్పుడే అసలు గుణం బయటపడుతుంది. అంతకుముందు నా అనుభవమల్లా కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో 22 రైఫిల్‌తో బోర్లా పడుకుని కాల్చిన ఐదు గుళ్ళు, ఇంకా వెనక్కి వెళితే దీపావళికి రీళ్ళ తుపాకీ. అందుకని పాఠం చెప్పే ఆవిడని మాట్లాడుకున్నాను. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు షెరీఫ్ ఆఫీసులో డిప్యూటీ. మాట తక్కువ. నేను తెచ్చుకున్న ఆశ చూసి, అలాంటి రివాల్వరే అద్దెకి ఇప్పించింది.

7 గజాలు, అంటే 21 అడుగులు. ఐదు గుళ్ళు కాల్చాను. కాగితం మీద రెండు పడ్డాయి. మిగతా మూడు ఎటుపోయాయో గోడకే తెలియాలి. రెండో గుండుకే బొటనవేలి మొదట్లో చర్మం మండింది.

ఎందుకలా అయిందో ఆవిడ చెప్పింది. అలాంటి రివాల్వర్ ట్రిగ్గర్ ఒక్కో గుండుకీ సుమారు 12 పౌండ్ల బలంతో లాగాలి. ఐదున్నర కిలోల బియ్యం సంచీని చూపుడు వేలికి తగిలించుకున్నట్టన్నమాట. తుపాకీ చూస్తే 15 ఔన్సులు, ఒక పౌండు కూడా తూగదు. ఒక పౌండు లేని వస్తువుని పట్టుకుని 12 పౌండ్లు లాగుతుంటే అది ఒకచోట నిలబడుతుందా? గురి చూసినంతసేపూ బాగానే ఉంటుంది, లాగేటప్పుడు మొన కిందికో పక్కకో ఒరుగుతుంది. దానికితోడు తన్ను, అంటే పేలగానే తుపాకీ చేతిని వెనక్కి నెట్టడం. అదే గుండు బరువైన తుపాకీలోంచి పోతే ఆ బరువే సగం తన్ను మింగేస్తుంది, తేలికదాంట్లోంచి పోతే మిగిలేది మన అరచెయ్యే. "తుపాకీ చిన్నదయ్యేకొద్దీ కాల్చడం కష్టం. ఇవి కొత్తవాళ్ళ కోసం కాదు, చేయి తిరిగినవాళ్ళ కోసం" అంది. దుకాణంలో పెద్దమనిషి సరిగ్గా దీన్నే తిరగేసి చెప్పాడు.

తర్వాత నాలుగు శనివారాలు. ఒక్కో వారం ఒకటో రెండో అద్దెకు తీసుకుని, ఒక్కోదానితో యాభై గుళ్ళు కాల్చడం, కాగితం ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌కి అంటించడం.

కానీ దానికి ముందు స్లైడ్ లాగడం రావాలి. పిస్టల్ పై భాగం స్లైడ్. దాన్ని ఒకసారి పూర్తిగా వెనక్కి లాగి వదిలితేనే మొదటి గుండు గొట్టంలోకి ఎక్కుతుంది. నాకు రాలేదు. నాకే కాదు, చాలామంది ఆడవాళ్ళు ఇక్కడే ఆగిపోయి రివాల్వర్‌కి వెళ్ళిపోతారట. నేనేం చేస్తున్నానంటే, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి స్లైడ్ చివర గోళీ పట్టుకున్నట్టు పట్టుకుని లాగుతున్నాను. ఆవిడ నా చెయ్యి తీసేసి, ఎడమ అరచెయ్యి స్లైడ్ మీద బోర్లించింది. నాలుగు వేళ్ళు ఆ పక్క, అరచేతి మడమ ఈ పక్క. పిస్టల్ పొట్ట దగ్గరికి తెచ్చుకోమంది, మొన మాత్రం టార్గెట్ వైపు నుంచి కదలకూడదు. "ఇప్పుడు ఎడమ చెయ్యి మర్చిపో. కుడి చేత్తో పిడిని ముందుకి తొయ్యి." తోశాను. టక్కుమని వెళ్ళిపోయింది. మా అమ్మమ్మ తిరగలి విసరడం గుర్తొచ్చింది. ఆవిడ బలమంతా భుజం లోంచి వచ్చేది, మణికట్టు ఊరికే దారి చూపించేది. ఆ తర్వాత నేను లాగలేని స్లైడ్ నాకింతవరకూ తగల్లేదు. కాబట్టి చేతిలో బలం లేదని ఎవరైనా అంటే నమ్మే ముందు ఇది చేసి చూడండి. వేళ్ళ కీళ్ళనొప్పులు ఉన్నవాళ్ళ సంగతి వేరు. అలాంటివాళ్ళ కోసమే 2020లో 9 ఎంఎం షీల్డ్ ఈజీ తెచ్చారు. స్లైడ్ నిజంగానే మెత్తగా జారుతుంది, పిడి వెనక సేఫ్టీ ఉంటుంది, మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి దూర్చే గుళ్ళ డబ్బాలో, 8 గుళ్ళు. మా అత్తగారి వయసులో ఉంటే నేనూ అదే తీసుకునేదాన్ని.

గ్లాక్ 19తో మొదలుపెట్టాం. 1988 నుంచి ఉన్న పిస్టల్. మ్యాగజైన్‌లో 15 గుళ్ళు, గొట్టం 4 అంగుళాలు, ఖాళీ మ్యాగజైన్‌తో 24 ఔన్సుల దాకా తూగుతుంది. నేను అన్నిటికంటే బాగా కాల్చింది దీనితోనే, ఫ్రిజ్ మీద కాగితాలు సాక్ష్యం. అదే 21 అడుగుల దూరంలో పది గుళ్ళూ నా అరచేతంత చోట పడ్డాయి. ప్యాంటూ వదులు చొక్కా వేసుకునే మనిషైతే ఇక్కడితో చదవడం ఆపేసి అది కొనుక్కోవచ్చు, ఇంకేం వెతకనక్కర్లేదు. నాకే, అచ్చం అదే సైజు రబ్బరు బొమ్మ నడుముకి పెట్టుకుని కుర్తీ కప్పితే, పక్కనుంచి చూసినవాళ్ళు ఎన్నో నెల అని అడిగేలా ఉంది.

రెండో కొసన, 10 ఔన్సులు కూడా తూగని 380 పిస్టళ్ళున్నాయి, 9 ఎంఎం కంటే పొట్టి గుండు వేసేవి. తాళాల గుత్తిలా జేబులో పడుంటాయి. పిడి మీద నా రెండు వేళ్ళే ఆనాయి, చిటికెన వేలు గాల్లో. ఒకటి మూడో గుండుకే ఆగిపోయింది. పేరు చెప్పను, తప్పు దానిది కాదు గనక. ఖాళీ తొడుగు బయటికి ఎగరకుండా స్లైడ్ మధ్యలో పొయ్యిగొట్టంలా నిటారుగా ఇరుక్కుంది. దాన్ని స్టవ్‌పైప్ అంటారని అప్పుడే తెలిసింది. గుండు పేలినప్పుడు స్లైడ్ పూర్తిగా వెనక్కి పోవాలంటే కింది భాగం కదలకుండా నిలవాలి. నా మణికట్టు మెత్తగా వాలిపోయి ఆ జోరంతా తనే తీసేసుకుంది. బరువైన పిస్టల్ ఈ తప్పుని కొంత క్షమిస్తుంది, తేలికది క్షమించదు.

ఈ రెండు కొసల మధ్యలో ఏముంది? 2018 దాకా సన్నగా కావాలంటే ఒకే వరసలో ఆరేడు గుళ్ళతో సరిపెట్టుకోవాల్సిందే. 2012లో వచ్చిన మొదటి షీల్డ్‌లో 7, పొడుగు మ్యాగజైన్ పెడితే 8. 2015 నాటి గ్లాక్ 43లో 6. 2018లో సిగ్ సావర్ పీ365 అంగుళం మందంలోనే 10 పట్టించి అందరి లెక్కలూ తారుమారు చేసింది. కిటుకంతా మ్యాగజైన్‌లో ఉంది. గుళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి కాకుండా జడపాయల్లా అటొకటి ఇటొకటి ఒరిగి కూర్చుంటాయి, పైకొచ్చేసరికి డబ్బా సన్నబడి ఒకే వరస అవుతుంది. మరుసటి ఏడు స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్ళ హెల్‌క్యాట్ 11 గుళ్ళతో వచ్చింది. 2021లో పాత షీల్డ్ ఒళ్ళే కొంచెం మార్చి 10, 13 గుళ్ళ మ్యాగజైన్లతో షీల్డ్ ప్లస్ వచ్చింది. నా బేరం ఇక్కడ తెగింది.

పీ365, షీల్డ్ ప్లస్ రెండిటికీ గొట్టం 3.1 అంగుళాలే. పీ365 రెండు ఔన్సుల పైచిలుకు తేలిక. మోసేదాన్ని కదా, తేలికది తీసుకోవాలి. కానీ ఫ్రిజ్ మీద కాగితాలు ఇంకోటి చెప్పాయి. షీల్డ్ ప్లస్ పిడి వంపు నా చేతికి కుదిరింది, అంతే. పక్క లైనులో కాల్చే ఒకావిడకి అచ్చం ఉల్టా. 13 గుళ్ళ మ్యాగజైన్ పెడితే అడుగున చిన్న తొడుగు వచ్చి చిటికెన వేలికి పీట వేసినట్టు ఉంటుంది. ఆ ఒక్క వేలు ఆనితే గురి ఎంత మారుతుందో చెప్తే నమ్మరు. 10తో కాల్చిన కాగితం చూస్తే చల్లిన ఆవాలు, 13తో కాల్చింది చూస్తే పోపుగింజలు ఒకచోట పోసినట్టు.

9 ఎంఎం ఎందుకంటే, ఎక్కువ వాదించకుండా ఒక మాట. అమెరికాలో 1986లో మయామిలో దొంగలతో జరిగిన కాల్పుల్లో తమవాళ్ళు పోయాక ఎఫ్‌బీఐ 9 ఎంఎం చాలదని 10 ఎంఎంకీ, ఆ తర్వాత 40 క్యాలిబర్ గుండుకీ వెళ్ళి, ఇంత తిరిగి 2010ల మధ్యలో మళ్ళీ 9 ఎంఎంకే వచ్చింది. తన్ను తక్కువ, ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది. సాధనకి మామూలు 115 గ్రెయిన్ గుళ్ళు, గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత. ఒంటి మీద ఉన్నప్పుడు మాత్రం 124 గ్రెయిన్ హాలో పాయింట్. మొన గుంటగా ఉండి తగలగానే విచ్చుకుంటుంది, కాబట్టి అవతలివైపు దూసుకుపోయి ఇంకెవరికో తగిలే భయం తగ్గుతుంది. మా కొట్టు గోడ అవతల పంపుల దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. నాకు ఇది చాలా పెద్ద సంగతి.

ఇక సేఫ్టీ. ఇది అడిగితే రేంజిలో రెండు పార్టీలు లేస్తాయి. షీల్డ్ ప్లస్ సేఫ్టీ ఉన్నదీ లేనిదీ రెండూ అమ్ముతారు. లేనిది కొనమనే వాళ్ళ వాదన, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేతులు వణుకుతాయి, ఆ మీట దించడం మర్చిపోతావు అని. న్యాయమైన వాదనే. నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను, ఒక ఆదివారం మధ్యాహ్నం దాకా.

అప్పటికి ఇంకా కొనలేదు. ఆ రబ్బరు బొమ్మతోనే అద్దం ముందు తియ్యడం, పెట్టడం సాధన చేస్తున్నాను. పచ్చ నూలు కుర్తీ, మోకాలి దాకా. ఎడమ చేత్తో అంచు ఎత్తిపట్టడం, కుడి చేత్తో తియ్యడం, మళ్ళీ ఒరలో పెట్టడం. ఇరవయ్యోసారి పెట్టేటప్పుడు ఏదో అడ్డం పడ్డట్టయింది. ఇంకొంచెం నొక్కితే దిగింది. తీసి చూద్దును కదా, కుర్తీ అంచు మడతపడి బొమ్మతోపాటు ఒరలోకి దూరింది. ట్రిగ్గర్ ఉండే బోలులో ఒక పోగు గుడ్డ, వేలు పెట్టినంత లావున, బిగుసుకుని ఉంది. బొమ్మ కాకపోతే ఆ నొక్కుడుకి పేలేది. గొట్టం ఎటు ఉందంటే, నా తొడలోకి.

చాలాసేపు మంచం మీద కూర్చుండిపోయాను. చొక్కా టక్ చేసుకునే మగవాడికి ఈ ప్రమాదం ఉండదని కాదు, తక్కువ. మన బట్టల్లో అన్నీ వేలాడేవే. అంచులు, చీలికలు, చున్నీ, చుడీదార్ బొందు. అందుకని సేఫ్టీ ఉన్నది తీసుకున్నాను. ఒరలో పెట్టేటప్పుడు మీట పైన, బొటనవేలు స్లైడ్ వెనక, కళ్ళు ఒర మీద. తియ్యడానికి తొందర ఉండచ్చు, పెట్టడానికి ఏం తొందర? మర్చిపోతావు అన్నవాళ్ళకి నా జవాబు, తీసిన ప్రతిసారీ మీట దించడమే. రోజూ రాత్రి ఖాళీ పిస్టల్‌తో ఇరవైసార్లు. గుళ్ళన్నీ వేరే గదిలో పెట్టి, గొట్టం కళ్ళతో ఒకసారి, వేలితో ఒకసారి తడిమి చూసుకున్నాకే.

ఇంకో పని కూడా చేశాను. కొట్టుకి వేసుకునే ఆరు కుర్తీలు దర్జీకిచ్చి తొడ సగం దాకా కత్తిరించి కుట్టించాను. మోకాలి దాకా ఉన్న అంచు ఒక్క చేత్తో ఎత్తాలంటే బావిలో చేద లాగినట్టే ఉంటుంది.

పిస్టల్ కంటే ఒర ఎక్కువ ఏడిపించింది. పిస్టల్ ఐదొందల డాలర్ల లోపే అయింది. ఒరలకి నాలుగోది దొరికేదాకా పెట్టింది కలిపితే దాదాపు సగం పిస్టల్. లెగ్గింగ్‌కి బెల్టు ఎక్కడ? మొదట సాగే గుడ్డ పట్టీ కొన్నాను, పొట్టకి చుట్టుకునేది. మెత్తగా, సుఖంగా ఉంది. కానీ గుడ్డ మీదనుంచి వేలుతో నొక్కి చూస్తే ట్రిగ్గర్ కదులుతోంది. అదే రోజు చెత్తబుట్టలో పడేశాను. ఒర అన్నాక ట్రిగ్గర్ బోలు మొత్తం గట్టి ప్లాస్టిక్‌తో కప్పి ఉండాలి, కైడెక్స్ అంటారు. ఆఖరికి కుదిరింది, ప్యాంటుతో పని లేకుండా నడుముకి విడిగా బిగించుకునే పట్టీ, దానికి స్క్రూలతో పట్టిన కైడెక్స్ ఒర. బొడ్డుకి కొంచెం కుడిగా. మా అమ్మమ్మ చుట్టలూ చిల్లరా దోపుకునే చోటే. ఒర బయటివైపు చిన్న కొమ్ములాంటిది ఉంటుంది, అది పట్టీని ఆనుకుని పిడిని ఒంటివైపు తిప్పుతుంది. కుర్తీ మీద కనపడేది ఎప్పుడూ పిడే, గొట్టం కాదు. అందుకే గొట్టం అర అంగుళం తగ్గిందా పెరిగిందా అని వెతుక్కోకండి, పిడి పొడుగు చూసుకోండి. పగలు కొట్టులో 10 గుళ్ళ మ్యాగజైన్ పెడతాను, వంగి కింది అరల్లో చిప్స్ సర్దినా పైకి తెలియదు. రాత్రి జాకెట్ వేసుకున్నాక 13ది.

హ్యాండ్‌బ్యాగు సంగతి చెప్తానన్నాను కదా. 2014 డిసెంబర్‌లో ఐడహోలో, ఒక షాపులో, తల్లి పర్సులో ఉన్న పిస్టల్ ట్రాలీలో కూర్చున్న రెండేళ్ళ బిడ్డ చేతికి వచ్చింది. తుపాకీ పెట్టుకోవడానికి విడిగా అర ఉన్న పర్సే అది. తల్లి అక్కడికక్కడే పోయింది. ఒంటికి లేని తుపాకీ మీ దగ్గర ఉన్నట్టు కాదు. పర్సు మర్చిపోతాం, కుర్చీకి తగిలిస్తాం, పక్కావిడకి పట్టుకోమని ఇస్తాం.

టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డులేని వాళ్ళకి లైసెన్సు లేకుండానే పెట్టుకోవచ్చు. అయినా నేను తీసుకున్నాను, 40 డాలర్ల ఫీజు, క్లాసు, వేలిముద్రలు. పక్క రాష్ట్రాలు కొన్ని ఒప్పుకుంటాయి, కొనేటప్పుడు పని తొందరగా అవుతుంది. కాల్చే పరీక్షలో 50 గుళ్ళు. 3 గజాల నుంచి 20, 7 నుంచి 20, 15 నుంచి 10. 250కి 175 వస్తే చాలు. నాకు 231. మా అబ్బాయికి చెప్తే డిస్టింక్షనా అన్నాడు. 15 గజాల దగ్గర పోయాయి ఎక్కువ, చిన్న గొట్టం మీద ముందు గురీ వెనక గురీ దగ్గరగా ఉంటాయి గనక వెంట్రుకవాసి తేడా దూరంలో జానెడవుతుంది.

లైసెన్సున్నా తలుపుల మీద బోర్డులు చదవడం అలవాటు చేసుకోవాలి. 30.06 అని, అది చట్టంలో సెక్షన్ నంబరు, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అంగుళం ఎత్తు అక్షరాలతో ఉంటే లోపలికి తీసుకెళ్ళకూడదు. బార్ల మీద ఎర్రగా 51 శాతం అని ఉంటుంది, అంటే రాబడిలో సగానికి పైగా మందు మీదేనని, అక్కడా అంతే. గుడికి నేను తీసుకెళ్ళను. చట్టం గురించి కాదు, సాష్టాంగ పడితే గుచ్చుకుంటుంది, ప్రదక్షిణాలు చేస్తుంటే వెనక పిల్లలు నడుం పట్టుకుంటారు.

ఇంట్లో మా అబ్బాయికి 14. 17 లోపు పిల్లల చేతికి గుళ్ళున్న తుపాకీ అందేలా వదిలితే టెక్సస్‌లో అది తల్లిదండ్రుల నేరం. మంచం పక్కన గోడకి బోల్టు వేసిన పెట్టె ఉంది, నాలుగు మీటలు వరసగా నొక్కితే తెరుచుకుంటుంది. వాడికి వరస చెప్పలేదు. కానీ రేంజికి తీసుకెళ్ళి ఒకసారి కాల్పించాను. చాటుమాటు వస్తువుగా ఉంటేనే వేళ్ళు దురదపెడతాయి.

నచ్చనివీ ఉన్నాయి. గుళ్ళు నిండితే ముప్పావు కిలో దగ్గరికి వస్తుంది, రాత్రి 9 దాటాక కుడి తుంటి చెప్తుంది. ఆగస్టు చెమటకి పిడి గరుకు పొట్టమీద చర్మాన్ని చెక్కేస్తుంది, లోపల పల్చటి బనియన్ తప్పనిసరి. టాయిలెట్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఒక ప్రహసనం, ఇంతకంటే వివరం రాయను. కొత్త మ్యాగజైన్ స్ప్రింగ్ ఏ కంపెనీదైనా గట్టిదే, చివరి రెండు గుళ్ళకీ నా గోళ్ళు పోయాయి. రెండు వారాలు నింపి వదిలేస్తే కొంత లొంగింది. గురి చుక్కలు తెల్లవి, చీకట్లో కనపడవు. కింద టార్చి తగిలించే పట్టాలు లేవు.

టార్చి అందుకే ఎడమ చేతిలో. కొనకముందు సంచీ కుడి చంకలో ఉండేది, తాళాలు నేనే వేసేదాన్ని. ఇప్పుడు తాళం మా ఆయన వేస్తాడు, సంచీ కూడా ఆయన దగ్గరే. నేను రెండడుగులు పక్కగా, టార్చి ట్రక్కుల వైపు తిప్పుతూ నడుస్తాను, కుడి చెయ్యి ఖాళీగా. "పెళ్ళిలో దివిటీ పట్టినట్టున్నావు" అంటాడు. అనని. కారు దాకా ఒక్క మాట మాట్లాడొద్దని చెప్పాను గానీ, అదొక్కటి ఆయన వల్ల కావడం లేదు.